బావ కాళ్ళ కొలత

మా బావ పొట్టివాడు. అందులో తప్పేముంది, నేనూ తాటిచెట్టంత లేను. కానీ ఆ సంగతి లోకానికి తెలియదనుకుంటాడు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. మా అక్క ఆయన కంటే పొడుగు. అందుకని పెళ్ళి ఫొటోలో ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి తను పక్కన నిలబడ్డాడు. తర్వాత తీసిన ఫొటోలన్నిట్లోనూ అక్క కూర్చునే ఉంది. కొత్తవాళ్ళు చూస్తే పాపం ఈవిడకి కాళ్ళు పనిచెయ్యవేమో అనుకుంటారు.

నేను చేత్తో సైకిల్ ఫ్రేములు కడతాను. మనిషిని కొలిచి, ఉక్కు గొట్టాలు కోసి, అంచులు ఆకురాయితో అరగదీసి, అతుకుల్లోకి ఇత్తడి కరిగించి పోస్తాను. బట్టలు కుట్టినట్టే, ఎవరిది వాళ్ళకే.

బావ ఆఫీసులో పెద్దాయనకి సైకిల్ పిచ్చి పట్టింది. ఆయనకి పడితే కింద వాళ్ళందరికీ పట్టాలి కదా, ఆదివారాలు ఆయన వెనకాలే తొక్కాలట. బావ నా షెడ్డుకొచ్చాడు.

"బూట్లు విప్పి గోడకానుకో బావా, కాళ్ళ కొలత తీసుకుంటా."

"బూట్లతోనే తొక్కుతాను కదరా, విప్పడమెందుకు?"

ఆ బూట్ల మడమలు ఇటుకల్లా ఉన్నాయి. సరే, అలాగే కొలిచాను. గోడ మీద గీత పెట్టబోతే, "ఇంకాస్త పైన పెట్టు, నేను వంగున్నాను" అన్నాడు. గోడకానుకున్న మనిషి ఎక్కడ వంగుతాడండీ! పెట్టమన్నచోటే పెట్టాను. ఆ గీతకే కట్టాను.

ఫ్రేము మాత్రం నా చేతి మీద అంత బాగా ఇంకోటి రాలేదు. అతుకు మీద వేలు పెట్టి రాస్తే ఎక్కడ మొదలైందో తెలియదు. చక్రాలు బిగించి కబురు పెడితే బావా, అక్కా వచ్చారు.

బావ కాలు తిప్పి అటేశాడు. రెండు కాళ్ళూ నేలకి దించబోయాడు. నేల ఇంకా కిందుంది. పై గొట్టం ఎక్కడ తగలకూడదో అక్కడే తగిలింది. ఆ మనిషి నోట్లోంచి పిల్లికూన గొంతొచ్చింది.

"తప్పు కట్టావురా! కోసి కిందకి దించు."

"కోస్తే ఇది ఫ్రేము కాదు బావా, పాత ఇనుము."

"కొయ్యకపోతే బామ్మర్దికి కొలవడం రాదని ఊరంతా చెప్తాను. ఇంకెవడొస్తాడో చూస్తా నీ షెడ్డుకి!"

అంటూ తనే రంపం అందుకున్నాడు. అంతవరకూ వాకిట్లో నిలబడ్డ అక్క లోపలికొచ్చింది. పొద్దున నడకకెళ్ళిన ప్యాంటుతోనే ఉంది.

"జరగండి" అంది ఆయనతో. కాలు తిప్పి ఫ్రేము మీదుగా నిలబడింది. రెండు పాదాలూ నేల మీద చక్కగా ఆనాయి.

"దిగవే, బావుండదు!" అన్నాడు బావ.

"మీకు బావుండదు. నాకు బానే ఉంది."

నాకు నవ్వాగలేదు. అక్క గిర్రున నా వైపు తిరిగింది.

"నువ్వేం తక్కువ తిన్నావురా? కొలత అబద్ధమని తెలిసీ కట్టావు. ఆయన పడితే చూసి నవ్వుదామనేగా? ఇంత మంచి వస్తువు ఎగతాళికి కడతావా? ఈయన నయం, తెలివి లేక చేశాడు."

బావ సంతోషించబోయి, ఆఖరి మాట అర్థమై ఆగిపోయాడు. రంపం ఇంకా చేతిలోనే ఉంది.

"అది బల్ల మీద పెట్టండి. ఆదివారం మీ పెద్దాయన వెనకాల నేనొస్తాను" అంది అక్క. "ఒరేయ్, పానా తే. సీటు ఎత్తు."

"ఇంకా ఎత్తడమేంటే!" అన్నాడు బావ.

నేను పానా పట్టుకుని ఆయన మొహం చూశాను.

"ఆయన్నేం చూస్తావు, నన్ను చూడు" అంది అక్క. "ఎత్తుతూ ఉండు. చాలన్నప్పుడు చెప్తాను."