తప్పులేని జన్యువు

"దోషం లేదు" అన్న రెండు మాటల కింద అద్దాలక్క సంతకం చేసి ఆరేళ్లయింది. ఆస్పత్రి రక్తపరీక్షల ప్రయోగశాలలో రోజుకు ముప్ఫై కాగితాల మీద సంతకం గీకే మనిషికి అందులో ఒకటి గుర్తుండాలంటే ఎలా గుర్తుంటుంది? ఆ ఉదయం దర్జీ భార్య వచ్చి, మడతల దగ్గర చిరిగిన ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టింది. పక్కన ఏడేళ్ల కూతురు. వార్డులో అందరూ ఆ పిల్లని పిచ్చుక అంటారు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే మెట్లు కూడా ఎక్కలేదు.

"మేడమ్, తల్లి నుంచి ఒక తప్పు, తండ్రి నుంచి ఒక తప్పు వస్తేనే ఈ జబ్బు వస్తుందన్నారు. నాది దొరికింది. ఆయనకి లేదని మీరు రాశారు. మరి రెండోది ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"

"పిచ్చుకా, బయట చేపల తొట్టి ఉంది, చూసి రా," అంది అద్దాలక్క.

పిల్ల వెళ్లాక తల్లి మిగతాది చెప్పింది. అత్తగారు ఆ కాగితం చదివించుకుని, "పిల్లది మా పోలిక కాదని నేను ముందే అన్నాను" అందట. ఆవిడ పోయింది, ఆ మాట పోలేదు. మొగుడు ఇంట్లోంచి పొమ్మనలేదు, చెయ్యెత్తలేదు. పిల్లని ఎత్తుకోవడం మానేశాడు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆస్పత్రి గడప తొక్కలేదు.

"అరిచినా బావుండేదండీ. ఈ కాగితాన్ని కుట్టుమిషను సొరుగులో దాచుకుని, నోట్లో నాలుక లేనట్టు ఉంటాడు."

 ఆ రోజు తనేం చూసిందో, ఏం చూడలేదో అద్దాలక్కకు బాగా తెలుసు.

రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారవడానికి ఒక జన్యువు కావాలి. దాన్ని ఆమె అక్షరం అక్షరం చదివింది, తప్పు లేదు. కానీ జన్యువు తనంతట తాను పని మొదలుపెట్టదు. అది కంటి కణంలోనూ ఉంటుంది, చర్మంలోనూ ఉంటుంది, అక్కడ ఊరికే పడి ఉంటుంది. రక్తం తయారుచేసే కణంలో మాత్రం, జన్యువులన్నీ వరసగా ఉండే అదే పోగు మీద ఎంతో దూరాన ఉన్న మరో ముక్క "ఇక కానియ్" అంటేనే దాన్ని చదవడం మొదలవుతుంది. ఆ ముక్క తనుగా ఏదీ తయారుచేయదు, పెత్తనమే దాని పని. అది ఊడిపోతే జన్యువు నిక్షేపంలా ఉండి కూడా మూగబోతుంది. అప్పట్లో ఆ ప్రయోగశాలలో అంత దూరం ఎవరూ చూసేవారు కాదు. నిజమే. కానీ "చూసినంతలో దోషం లేదు" అని రాయడానికి ఏం ఖర్చయ్యేది?

పాత నమూనాలు మళ్లీ పరీక్షిస్తానంటే ప్రయోగశాల పెద్దసారు ఒప్పుకోలేదు. "మన కాగితం తప్పని మనమే అంటే రేపు అందరూ పాత కాగితాలు పట్టుకొస్తారు."

"రానివ్వండి సార్. వాళ్ల ఇళ్లలో ఏం జరుగుతోందో మనం చూశామా?"

ఆయన గొణుక్కుంటూ అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు. శీతలపెట్టెలో ఉన్న పాత నమూనాలు తీసి ఆమె నాలుగు రోజులు కూర్చుంది. ఆ దూరపు ముక్క ప్రతులు ఎవరికైనా రెండుండాలి. దర్జీకి ఒకటే ఉంది. పిచ్చుకకూ ఒకటే. తెగిన చోటు కూడా ఇద్దరికీ ఒకటే.

సవరించిన కాగితం పోస్టులో పంపమన్నారు పెద్దసారు. ఆమె తనే దర్జీ కొట్టుకు వెళ్లింది. అతను ఇస్త్రీ చేస్తున్నాడు. మెడలో టేపు, మొదటి నాలుగంగుళాలు అరిగి ఊడిపోయాయి. కొలిచిన ప్రతిసారీ నాలుగు తీసేసుకుంటాడు కాబోలు.

"ఆ టేపు ఓసారి ఇస్తారా? ఈ యాభై దగ్గర జన్యువు ఉందనుకోండి. మొదటి నాలుగంగుళాలు పని చెప్పే ముక్క. ఒంట్లో ఇది వంగి, ఆ ముక్క వచ్చి యాభైని ముట్టుకుంటుంది. అప్పుడే పని మొదలు." ఆమె తెగిన కొసను యాభై దగ్గరికి తెచ్చింది. "మీకు ఇలాంటివి రెండుంటాయి. ఒకదానికి మొదలు ఊడిపోయింది, రెండోది బాగుంది కాబట్టి మీకేం కాలేదు. మీ పిల్లకి మీ ఊడిన టేపొచ్చింది, వాళ్లమ్మ దగ్గర్నుంచి తప్పున్న టేపొచ్చింది. నేను యాభై అంకె ఒక్కటే చూసి బాగుందని రాశాను. తప్పు నాది."

గుడ్డ మాడిన వాసన వచ్చింది. అతను ఇస్త్రీపెట్టె ఎత్తలేదు, ఆమే ఎత్తి పక్కన పెట్టింది.

"కాగితం మీది," అన్నాడు మాడిన గుడ్డను మడుస్తూ. "అనుకున్నది నేను."

తర్వాత రక్తం ఎక్కించే రోజున అద్దాలక్క పనేమీ లేకపోయినా వార్డులోకి వెళ్లింది. దర్జీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో కొత్త గౌను. సవరించిన కాగితాన్ని భార్య చదివి, మడిచి, అతనికే ఇచ్చేసింది.

"ఇది నాకెందుకు? నాకు తెలియనిదా? కాగితం చూసి మానేశారు, కాగితం చూసి వచ్చారు."

అతను పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని గౌను మడత విప్పి చూపించాడు. ఎడమ చేతికి భుజం నుంచి మణికట్టు దాకా చిన్న చిన్న గుండీలు. సూది గుచ్చేటప్పుడు గౌను విప్పే పని లేకుండా.

పిచ్చుక గుండీలు లెక్కపెట్టుకుంది. తర్వాత పాపం, తెలియని పెద్దమనిషికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"బావుంది. కానీ ఎడమ చేతికి నరం దొరకదు. ఎప్పుడూ కుడి చేతికే."

అద్దాలక్క కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. దర్జీ జేబులోంచి చిన్న కత్తెర తీసి, నేల మీదే కూర్చుని, కుడి చేతి కుట్టు విప్పడం మొదలుపెట్టాడు. ఒకటికి రెండుసార్లు తప్పు దారం తెగింది.

భార్య చూస్తూ ఉంది. రక్తం సంచి సగమయ్యాక, తన పక్క కుర్చీ మీదున్న చేతిసంచి తీసి కింద పెట్టింది.