మాణిక్యం అత్త గుప్పిడి

మా మాణిక్యం అత్తకి మతి చలించిందని మొదట చెప్పింది సుందరమ్మ. కొల్లేటి చేపలు బుట్టలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషి. ఆవిడ దగ్గర చేపలకంటే ముందు కబుర్లే అయిపోయేవి. మా అమ్మ చేపలు తోముతూ ఆ మాట నాన్నకి చేరేసింది.

"పొయ్యి దగ్గర గుప్పిట్లో బియ్యం పట్టుకుని నిలబడిపోతోందంటండి. ఎసట్లో వెయ్యదంట, కుండలో వెయ్యదంట. ఎసరు పొంగి నిప్పు ఆరిపోతున్నా కదలదంట. 'మీ దేవుడేవన్నా పూనాడేంటమ్మా?' అని సుందరమ్మ అడిగేసిందంట కూడాను."

నాన్న నవ్వలేదు. అత్త ఆయన చెల్లెలు.

పంతొమ్మిదివందల ముప్పై నాలుగో ముప్పై అయిదో, ఆ రోజుల మాట. మా పేటలో క్రైస్తవుల ఇళ్ళన్నిట్లో పొయ్యి పక్కన ఓ చిన్న కుండ ఉండేది. అన్నం వండేముందు ఒక గుప్పిడి బియ్యం తీసి అందులో వేసేవారు. అది దేవుడి గుప్పిడి. ఆదివారం ఆడవాళ్ళు వాటిని కొంగున మూటగట్టి తాటాకు గుడికి తెచ్చి, ముందున్న గంపలో పోసేవారు. దంపుడు బియ్యం, నూకలు, ఎర్రవి, తెల్లవి, అన్నీ కలిసిపోయేవి. తడిసిన తాటాకు, కొత్త బియ్యం, కొల్లేటి మీదనుంచి వచ్చే నాచుగాలి, ఈ మూడూ కలిసిన వాసన నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

అత్తకి పొలం లేదు, పాడి లేదు. ఉన్నవన్నీ మావయ్యవే. దేవుడికి తన చేత్తో ఇచ్చేది ఆ గుప్పిడొక్కటే.

ఆ ఏడు శ్రావణంలో కొల్లేరు పొంగింది. ఏలూరులో చదువుకుని కొత్తగా వచ్చిన పాస్టరు ఎజ్రాగారు చుట్టుపక్కల ఊళ్ళన్నీ దోనె మీద తిరిగి చూసుకునేవారు. ఓ ఆదివారం ఆయనకి ఆలస్యమైంది. మా ఎలీయాజరు మావయ్య సంఘపెద్ద. గుడిముందు గంటకి బదులు వేలాడదీసిన రైలుపట్టా ముక్క, తాడేపల్లిగూడెం నుంచి ఆయన తెచ్చిందే. దాన్ని కొట్టి, జనాన్ని పోగుచేసి, ప్రార్థన చేసి, అంతటితో ఊరుకోక ప్రసంగం కూడా అందుకున్నాడు. బాగుందని అందరూ తలలూపారు. అదే కొంప ముంచింది. గుమ్మంలోకి వచ్చిన ఎజ్రాగారు ఆ తలలన్నీ చూశారు.

"ఎలీయాజరూ, పక్కకి రా. కాపరికి లోబడనివాడు దేవుడికి లోబడనట్టే," అన్నారు, అందరిముందూ.

మావయ్య పక్కకి వచ్చాడు. ఇంటికెళ్ళాక మాత్రం ఎగిరాడు. "ఈ ఇంటికి తల నేను. ఇక్కణ్ణించి గుడికి ఒక్క గింజ వెళ్ళడానికి వీల్లేదు. నా మాటకి లోబడతావా, లేదా?"

"అలాగేనండి," అంది అత్త. కుండ బోర్లించింది.

తర్వాతి ఆదివారం ఆవిడ వట్టి కొంగుతో రావడం ఎజ్రాగారి కంట పడింది. గుప్పిడి మానేసిన ఇంటికి వచ్చే నెల ప్రభువు బల్ల లేదని, అంటే గుళ్ళో అందరితో కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం లేదని చెప్పేశారు.

బల్ల అంటే అత్తకి ప్రాణం. రొట్టెముక్క అందుకునే ముందురోజు ఎవరితోనైనా మాటపట్టింపు ఉంటే వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి మాట కలుపుకుని వచ్చేది. ఇప్పుడు మొగుడి మాట వింటే బల్ల పోతుంది, పాస్టరుగారి మాట వింటే ఇల్లు రణమవుతుంది. చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ గుప్పిడి తీసేసేది. తీశాక ఎక్కడ వెయ్యాలో తెలీక నిలబడిపోయేది.

సుందరమ్మ చూసింది అదీ.

నాన్న ఎజ్రాగారిని బతిమాలి శనివారం సాయంత్రం అత్తవాళ్ళింటికి తీసుకొచ్చాడు. అమ్మా నేనూ వెంట వెళ్ళాం. మావయ్య అప్పుడే చేలోంచి వచ్చాడు. ఆయనకీ ఎజ్రాగారికీ మోకాళ్ళదాకా బురద. అరుగుముందు ఎదురెదురుగా నిలబడ్డారు. ముందు ఎవరు కూర్చుంటే ఎవరు తగ్గినట్టో మరి, ఇద్దరూ కూర్చోలేదు.

"వాక్యం తెలిసినవాడివి. సంఘానికి లోబడొద్దా?" అన్నారు ఎజ్రాగారు.

"భార్య భర్తకి లోబడాలని మా పెళ్ళిలో చెప్పారండి. ఆ మాట కొట్టేశారా ఏంటండి ఏలూరులో?"

"భర్తే మాట విననివాడైతే?"

"విందునండి. ఆలస్యమైంది అని తమరు ఒక్క ముక్క అనుంటే!"

"నేను నీకు సంజాయిషీ చెప్పాలా?"

"ఊరుకో బావా," అన్నాడు నాన్న. ఎవరు వింటారు? పొద్దు వాలేదాకా లోబడ్డం గురించి ఇద్దరూ గొంతులు పోయేలా చెప్పుకున్నారు. చివరికి అలిసిపోయి అత్తవైపు తిరిగారు.

"నువ్వే చెప్పు. ఎవరి మాట వింటావ్?" అన్నాడు మావయ్య.

"చెప్పమ్మా మాణిక్యం," అన్నారు ఎజ్రాగారు.

అత్త లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళూ, తువ్వాలూ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

"లోబడ్డం నాకు కొత్తగా నేర్పక్కర్లేదండి అయ్యగారూ, పుట్టినకాణ్ణించీ అదే పని. ప్రభువు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడని మీరే చెప్పారు, ఈయన ఆమేన్ అన్నారు. నీళ్ళు ఇవిగో. మీ ఇద్దర్లో ఎవరి కాళ్ళు ఎవరు కడుగుతారో కడగండి. ఆ కడిగినాయన మాట వింటాను."