గడపను కలిపిన లెక్క

ఆ భవనంలో రోజు నేలమాళిగ మెట్ల దగ్గర మొదలయ్యేది. దిగేకొద్దీ మెట్టుకు అయిదు కోట్ల ఏళ్ల చొప్పున గాలి పాతబడుతుంది కనుక ఎవరికి కావలసిన కాలాన్ని వారు వాడుకునేవారు. యాభై మెట్లు దాటితే ప్రాణవాయువు ఇంకా పుట్టని గాలి. అందులో ఇనుము తుప్పు పట్టదు. అందుకే తాళాల దుకాణం అత్తాకోడళ్లు ఇనుప సామాను బుట్టను మెట్ల నడిమి ఖాళీలోంచి తాడుతో కిందికి దించి ఉంచేవారు. పక్కనే ఎవరిదో సైకిలు గొలుసు వేలాడేది.

మనుషులు మాత్రం ఆరో మెట్టు దాటేవారు కారు. అక్కడ గంధకం కంపు, తలపోటు. ఇక్కడే ఇలా ఉంటే కింద ఇంకెంత ఘోరమోనని వెనుదిరిగేవారు. పాతదంతా వరసగా చెడ్డదేననడానికి ఆధారమేమిటని ఎవరూ అడగలేదు.

నలభై ఏళ్ల ఇత్తడి రజను అత్త ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. మూడు మాటలకొకసారి ఆగితే గాని వాక్యం పూర్తయ్యేది కాదు. ఒక నెల, అన్నాడు డాక్టరు. కోడలు తల అడ్డంగా ఊపి లేచి వచ్చేసింది.

పై అంతస్తు మాస్టారు పుస్తకం తీశాడు. ముప్పై కోట్ల ఏళ్ల కిందట గాలిలో ప్రాణవాయువు నూటికి ముప్పై పాళ్లట; ఇప్పుడున్నది ఇరవై ఒకటే. ముప్పైని అయిదుతో భాగిస్తే ఆరు. కోడలు, వాచ్‌మన్ కలిసి అత్తను కుర్చీతో సహా ఆరో మెట్టుకు దించారు. రెండు నిమిషాల్లో ఆమె కళ్లు తేలేసింది. పరుగున పైకి మోసుకొచ్చారు.

"చంపడానికి... ఇంత దూరం మొయ్యాలా?" అంది అత్త, కాస్త తెరిపిన పడ్డాక. "పైనే... ఒక దిండు... సరిపోయేదిగా."

"నోరు లేస్తోంది, ఇంకేం ఫరవాలేదు," అంది కోడలు.

మాస్టారు తల దించుకున్నాడు. "పుస్తకమే తప్పయి ఉంటుందమ్మా. ఇవన్నీ అంచనాలే కదా."

మర్నాడు కోడలు ఒక తాళంచెవికి గంట్లు కొలిచి కోస్తోంది. పిడి పక్కన, గంట్ల కొలత మొదలయ్యే అంచును తాళాల పనిలో భుజమంటారు. మంచం మీద నుంచే అత్త కసిరింది: "భుజం నుంచి... కొలవాలి. భుజాన్నే... మొదటి గంటుగా... కలిపేస్తావేం? ఎన్నేళ్లు... చెప్పాలే నీకు?"

కోడలి చేతిలో ఆకురాయి ఆగిపోయింది. లేచి నేలమాళిగకు నడిచింది. మెట్లకు అంకెలు వేసిన ఏనాటి వాచ్‌మనో గడప మీదే 'ఒకటి' అని చెక్కాడు. గడపలో ఉన్నది ఈనాటి గాలే. దానికి వయసెక్కడిది?

"మాస్టారూ, ఇరవై అయిదు కోట్ల ఏళ్ల కిందట ఏం జరిగింది?"

పుట తిప్పిన మాస్టారి ముఖం పాలిపోయింది. "అగ్నిపర్వతాల పొగ. భూమ్మీద ప్రాణికోటి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది."

"అయితే తప్పు పుస్తకానిది కాదు, మన గడపది. దాన్ని వదిలేస్తే ఆరోది నిజానికి అయిదో మెట్టే. నిన్న అత్తయ్యను అక్కడే కూర్చోబెట్టాం."

ముందు తానే దిగింది. ఆరో మెట్టు మీద గీసిన అగ్గిపుల్ల కొడిగట్టి ఆరిపోయింది. ముక్కు మూసుకుని ఏడో మెట్టు మీదికి దిగి మరొకటి గీసింది. మంట జానెడెత్తు ఎగిసి ముంజేతి వెంట్రుకలను కాల్చింది. కోడలు నవ్వుకుంటూ పైకి పరిగెత్తింది.

"మళ్లీనా?" అంది అత్త.

"ఇంకొక్క మెట్టు, అత్తయ్యా. ఆరోదాని మీద మాత్రం ఊపిరి బిగబట్టండి."

"ఊపిరే... లేదు మొర్రో అంటే... బిగబట్టమంటుంది!"

ఏడో మెట్టు మీద తడిసిన అడవి వాసన. అత్త ఒకసారి పీల్చింది. నమ్మకం కుదరనట్టు మళ్లీ పీల్చింది. పెదవుల నీలం మెల్లగా విడిచింది. వాచ్‌మన్, "పనిబల్ల కూడా దించమంటారా?" అని అడిగాడు.

బల్ల దిగింది. ఆ గాలిలో ఒక్క రవ్వ పడినా ప్రమాదమే కనుక రాపిడి పనంతా పైన కోడలు చూసుకుంది. కింద అత్త ఇత్తడి తాళాలు విప్పి బిగించేది. పనులిచ్చేవారు ఆరో మెట్టు మీద ముక్కు మూసుకుని దిగి వచ్చేవారు. డాక్టరు చెప్పిన నెల దాటింది. రెండోదీ దాటింది.

మూడో నెల మొదటి రోజున కోడలు గడప మీద కూర్చుని 'ఒకటి'ని అరగదీసి సున్నా చెక్కసాగింది.

"ఆకురాయిని అంతలా నొక్కకే, పళ్లు అరిగిపోతే కొత్తది నీ మొగుడు తెచ్చిస్తాడా!"

ముప్పై కోట్ల ఏళ్ల కింది నుంచి ఆ వాక్యం ఎక్కడా ఆగకుండా పైదాకా వచ్చింది.