కనబడలేదన్న జెండా

నేను ఒక హెల్మెట్‌ను. ట్రాఫిక్ పోలీసు కనిపించగానే తలకెక్కి, చౌరస్తా దాటగానే హ్యాండిల్‌కు వేలాడే రకాన్ని కాదు. కార్ల పందేల ట్రాక్ మీద వాడే హెల్మెట్‌ను. మంట తగిలినా అంటుకోని లోపలి గుడ్డ, గడ్డం కింద రెండు రింగుల పట్టీ, ముందు మందపాటి అద్దం, ఇంత హంగుతో పుట్టాను. పుట్టి ఎవరి పాలిట పడ్డానో చెబుతాను, వినండి.

ఉత్తరాదిలో ఒక ఫ్యాక్టరీ మా పుట్టిల్లు. మాలో కొన్నింటిని తీసి, లోపల ఇనుప తల అమర్చి, ఎత్తు నుంచి ఇనుప దిమ్మె మీదకు జారవిడిచేవారు. అవి దెబ్బ తిని, లోపలి తల క్షేమంగా ఉందని నిరూపించి, చెత్తలోకి పోయేవి. పైకి చూస్తే వాటిలో చాలావాటికి గీత కూడా పడేది కాదు. అయినా ఎవరూ వాటిని మళ్లీ పెట్టెలో సర్దేవారు కాదు. మా లోపల థర్మకోల్ లాంటి గట్టి పొర ఒకటుంటుంది. దెబ్బను మింగేది అదే. ఒకసారి నొక్కుకుపోయిందంటే తిరిగి లేవదు. అందుకే గట్టి దెబ్బ ఒక్కటి తగిలితే హెల్మెట్ పని అయిపోయినట్టే. ఈ సంగతి ఫ్యాక్టరీలో ఊడ్చేవాళ్లకు కూడా తెలుసు.

నన్ను కొన్నది హైదరాబాద్ నుంచి వికారాబాద్ వెళ్లే దారిలో ఒక ప్రైవేటు రేస్ ట్రాక్. ఆదివారాలు సరదాకు కార్లు తోలుకునే పెద్దమనుషులు అక్కడికి వస్తారు. హెల్మెట్ లేనివాళ్లకు అద్దెకిచ్చే వరసలో నన్ను పెట్టారు. ఆ రోజుతో నా శుభ్రత పోయింది.

ఎన్ని రకాల తలలు! జుట్టు రంగు ఆరకుండానే వచ్చిన తలలు, జిగురు పూసి ముళ్లలా నిలబెట్టిన తలలు, రాత్రి తాగినది ఇంకా దిగని తలలు. పొద్దున్నే తిన్న నల్లి నిహారీ ఎముకల పులుసు తేన్పులు నా అద్దం లోపలి వైపు ఆవిరై నిలిచేవి. నన్ను పెట్టుకునే ముందు తలకు పల్చటి గుడ్డ తొడుగు వేసుకోవాలని నియమం. అది వేసుకుంటే జుట్టు అణిగి ఫొటో బాగా రాదని దాన్ని జేబులో కుక్కుకునేవారు. వాళ్ల చెమటంతా నేను తాగేవాణ్ణి. ఇక పట్టీ. బిగిస్తే గొంతు నొక్కినట్టుందని వదులుగా వేలాడదీసేవారు. పట్టీ బిగించని హెల్మెట్ తల మీద పెట్టుకున్న గిన్నెతో సమానం. కారు బోల్తా పడితే గిన్నె ఒక వైపు, తల ఒక వైపు.

వీళ్లందరికీ ప్రతి ఆదివారం పాఠం చెప్పేది హైమవతి. యాభై దాటిన మనిషి, విజయవాడ వైపు ఆమె. వయసులో ఉన్నప్పుడు ర్యాలీల్లో కారు తోలింది. ఇప్పుడు ఈ ట్రాక్‌లో భద్రత బాధ్యతంతా ఆమెదే. పొట్టి జుట్టు, మెడలో విజిల్, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.

"బాబూ, ఇటు చూడండి. ఫోన్లు తర్వాత చూసుకోవచ్చు. హెల్మెట్ పెట్టుకున్నాక తల అటూ ఇటూ గట్టిగా ఆడించండి. తలతో పాటే కదలాలి. అది ఒకవైపు, మీరు ఒకవైపు పోతుంటే మార్చుకోండి. పసుపు జెండా ఊపితే వేగం తగ్గించాలి, ముందు కారుని దాటకూడదు. ఎందుకో తెలుసా? అక్కడ మనిషి ఉంటాడు. కారు కాదు, మనిషి."

వింటున్నట్టు తలలూపేవారు. ఊపుతూనే సెల్ఫీలు దిగేవారు.

వాళ్లలో శశిభూషణ్ ఒకడు. నగరంలో ఫంక్షన్ హాళ్లు ఉన్నాయి. సొంత కారు తెచ్చుకునేవాడు, హెల్మెట్ మాత్రం మా అద్దె వరసలోంచి నన్నే ఏరుకునేవాడు. చల్లగాలికి పెట్టిన రంధ్రాలు నాకు ఎక్కువని. ప్రతిసారీ బామ్మర్దిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఇద్దరి మధ్యా ఎవరు ముందు అన్న పట్టింపు. ఇంట్లో ఎలా ఉండేవారో తెలియదు గాని, ట్రాక్ మీద బామ్మర్ది ముందుకు పోతే శశిభూషణ్ నా లోపల పళ్లు కొరికేవాడు. ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించేది.

ఆ ఆదివారం పొద్దున్నుంచి బామ్మర్దే ముందున్నాడు. మధ్యాహ్నం దాటాక మూడో మలుపులో ఎవరిదో కారు కంకరలోకి జారి ఆగిపోయింది. టైర్ల గోడ వెనుక నిలబడి, జెండాలతో కార్లను హెచ్చరించే మార్షల్ ఓదెలు వెంటనే పసుపు జెండా అందుకున్నాడు. బక్కపలచని మనిషి. రెండు చేతులతో పట్టుకుని, తల పైదాకా ఎత్తి ఊపుతున్నాడు. బామ్మర్ది వేగం తగ్గించాడు.

శశిభూషణ్ కళ్లు నా అద్దం వెనుక వేలెడు దూరంలో ఉన్నాయి. అవి ఎక్కడ చూశాయో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? జెండా మీద పడ్డాయి. కాసేపు అక్కడే నిలిచాయి. ఆ తర్వాత బామ్మర్ది కారు వెనుక దీపాల మీదికి జారాయి.

"ఇగ దొరికినవ్ బిడ్డా," అన్నాడు నా లోపల, నాకొక్కడికే వినిపించేలా. యాక్సిలరేటర్ తొక్కాడు.

బామ్మర్ది పక్కనుంచి దూరాడు. వెనుక చక్రాలు జారాయి. కారు గిరగిరా తిరిగి వెళ్లి టైర్ల గోడను కొట్టింది. అతని తల కారు లోపలి ఇనుప కడ్డీకి నేరుగా తగిలింది. అంటే నేను తగిలాను. నా లోపలి పొర కుడివైపున పటపటా నొక్కుకుపోయింది. తల నిలిచింది. నేను పుట్టిన పని ఆ క్షణంలో అయిపోయింది. కొంచెం గర్వపడ్డానని దాచడమెందుకు?

ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. కారు కొట్టిన ఊపుకు టైర్ల గోడ అవతలివైపుకు కూలింది. కూలిన టైర్ల కింద ఓదెలు ఉన్నాడు. జెండా ఇంకా చేతిలోనే ఉంది. కాలు మోకాలి కింద విరిగి పక్కకు తిరిగిపోయింది.

శశిభూషణ్ కారు దిగి, నన్ను తీసి బానెట్ మీద పడేశాడు. "అయ్యో, నా బండి!" అన్నాడు. ముందుభాగం చుట్టూ తిరిగి తడిమి చూసుకున్నాడు. పది అడుగుల అవతల మనిషి అరుస్తుంటే ఇతను పగిలిన హెడ్‌లైటు ముక్కలు ఏరుతున్నాడు. ఎన్నో మురికి తలలను మోశాను గాని, ఇంత అసహ్యం ఏ చెమటకూ కలగలేదు.

హైమవతి పరుగెత్తుకొచ్చింది. "జెండా ఊపుతున్నాడు కదా! కళ్లు ఎక్కడ పెట్టుకున్నారు?"

"కనబడలే మేడం. ఎండ సక్కగ కండ్లల్ల కొట్టింది."

ఎండ అతని వీపు వైపు ఉంది. కాని ఆ మలుపులో కెమెరా లేదు. ఆ గొడవలో సూర్యుడు ఎటున్నాడని ఎవరు చూస్తారు? తెలిసినది నాకొక్కడికే, నాకు నోరు లేదు.

హైమవతి నన్ను చేతిలోకి తీసుకుని లోపల బొటనవేలితో నొక్కింది. వేలు దిగబడింది. జేబులోంచి ఎర్ర మార్కర్ తీసి నా నుదుటి మీద అడ్డంగా గుర్తు పెట్టి, ట్రాక్ మేనేజర్ వినీల్ చేతికిచ్చింది. "దీని పట్టీ కోసి పారేయండి. ఇంకే తలకీ పెట్టకూడదు." ఓదెలుతో పాటు అంబులెన్స్ ఎక్కి వెళ్లిపోయింది. వెళ్లే ముందు శశిభూషణ్‌ను ఏడాదిపాటు ట్రాక్‌కు రావద్దంది.

వినీల్ నన్ను తిప్పి తిప్పి చూశాడు. "పైన చిన్న గీతనే గద. మంచిగనే ఉంది," అనుకున్నాడు. పట్టీ కోయలేదు. పెయింటర్ దగ్గరికి తీసుకుపోయాడు. ఎర్ర గుర్తు మీద నల్ల రంగు, నల్ల రంగు మీద బంగారు మంటలు వేయించాడు. శవానికి పెళ్లికొడుకు ముస్తాబు. పనికిరానని తేల్చిన నన్ను ఇదివరకటి కంటే అందంగా చేసి, తెచ్చి మళ్లీ అదే వరసలో పెట్టాడు.

ఆ తర్వాత నన్ను పెట్టుకున్న తలలన్నీ నాకు పీడకలలే. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంట వచ్చింది. ఆఫీసు వాళ్లంతా కలిసి వచ్చారు. అందరికీ ఆ బంగారు మంటలే కావాలి. "ఇది మస్తుంది" అని నా కోసం పోట్లాడుకునేవారు. ఒక్కరూ లోపల వేలు పెట్టి చూడలేదు. ప్రతి మలుపులోనూ కుడివైపు కడ్డీ దగ్గరకొస్తుంటే నేను వణికేవాణ్ణి. వాళ్లు మాత్రం కేకలు పెడుతూ నవ్వేవారు.

ఏడాది గడిచింది. శశిభూషణ్ మళ్లీ వచ్చాడు. ఈసారి కూతురు మైథిలితో. ఇంజనీరింగ్ చదువుతోంది, కొత్తగా లైసెన్సు వచ్చింది, ట్రాక్ మీద కారు తోలడం నేర్చుకోవాలని ఆ పిల్ల ఆశ. ఓదెలు కూడా అప్పటికి పనిలోకి వచ్చాడు. కాలిలో రాడ్డు వేశారు. పరుగెత్తలేడు, గోడ దూకలేడు. అందుకని హైమవతి అతన్ని తన పక్కన నిలబెట్టుకుంది. ఆమె చెబుతుంటే అతను కర్రకు ఆనుకుని ఒక్కో జెండా ఎత్తి చూపించేవాడు. మైథిలి ముందు వరసలో నిలబడి కళ్లార్పకుండా చూసింది. ఫోను బయటికి తీయలేదు. అలాంటి తల ఒకటి చూస్తానని నేను అనుకోలేదు.

పాఠం అయ్యాక వినీల్ నన్ను తెచ్చి శశిభూషణ్ ముందు పెట్టాడు. "సార్, ఇది మీ హెల్మెటే. రంగేయించిన. మీ లక్కీ పీస్."

శశిభూషణ్ ముఖం వెలిగిపోయింది. నన్ను తీసి కూతురి తలకు తొడిగాడు. ఆమె పట్టీ బిగించుకుని, చెప్పినట్టే తల అటూ ఇటూ గట్టిగా ఆడించింది. నేను ఒకవైపుకు జారాను.

"డాడీ, కుడివైపు లోపల గుంత ఉన్నట్టుంది. వేరేది తీస్కుంటా."

"పిచ్చిపిల్లా! నా పానం కాపాడింది గిదే. దీన్ని మించింది దొర్కుతదా?" చుట్టూ మనుషులు చేరారు. చుట్టూ మనుషులుంటే అతని గొంతు పెరుగుతుంది. "చెప్తె నమ్మవ్. మూడో మలుపుల మీ మామ ముంగట. గీ ఓదెలు జెండ ఊపుకుంట నిలవడ్డడు. మీ మామ భయపడి స్లో చేసిండు. నేను చేస్తనా? సందు దొర్కింది, దూరిన! గంత స్పీడుల గోడకు కొట్టినా, ఇగో, ఈ తలకాయకు ఏమన్న అయిందా?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

మైథిలి అద్దం పైకెత్తింది. "జెండా కనబడిందా?"

"ఆఁ?"

"ఎండ కొట్టింది, కనబడలేదన్నవ్ గద డాడీ. అమ్మకు, నాకు, మామకు, అందరికీ అదే చెప్పినవ్."

ఓదెలు చేతిలోని జెండాను మెల్లగా కిందికి దించాడు.

"దవాఖానకు పండ్లు పంపిర్రు సారు," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "ఎండల జెండ కనబడలేదని మీ డ్రైవర్‌తోని చెప్పించిర్రు. నేను నమ్మిన. నేనే సక్కగ ఊపలేదేమో, కొంచెం పైకి ఎత్తితే కనబడుతుండెనేమో అని మంచంల పండి గదే అనుకున్న. మా ఇంటామెకు గూడ గదే చెప్పిన, తప్పు నాదేనని."

"అరే ఓదెలూ, ఏదో మాటవరుసకన్న..."

"మాటవరుస కాదు," అంది హైమవతి. మైథిలి తల మీంచి నన్ను తీసి, లోపల కుడివైపు బొటనవేలు పెట్టింది. వేలు దిగబడింది. వినీల్ వైపు తిరిగింది. "దీన్ని ఎంతమంది నెత్తిన పెట్టావయ్యా?"



ఆమె ఆఫీసులోంచి కత్తెర తెప్పించి అందరి ఎదుటా నా పట్టీ కోసేసింది. వరసలో ఉన్న ప్రతి హెల్మెట్‌నూ తాను లోపల నొక్కి చూసేదాకా ఇంజిన్లు మొదలుపెట్టొద్దంది. శశిభూషణ్‌తో మాత్రం నెమ్మదిగానే చెప్పింది. "మీరు బయటికి వెళ్లండి. ఈ ఏడాదికే కాదు. ఇంకెప్పుడూ రావద్దు."

అతను కారు తాళాలు తీసుకుని, "నడు మైథిలీ, పోదాం. గీడ మర్యాద లేదు," అన్నాడు.

"నేను రాను. నేర్చుకోనీకి వచ్చిన."

"ఎట్లొస్తవ్ ఇంటికి?"

"బస్సుల వస్త."

అతను వెళ్లిపోయాడు. వెళ్తూ గేటు దగ్గర కూడా ఇంజిన్ మోత పెంచే వెళ్లాడు. మైథిలి ఓదెలు దగ్గరికి వెళ్లింది. క్షమించమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "అంకుల్, మూడో మలుపు చూపిస్తరా? జెండా ఎక్కడినుంచి కనబడుతదో నడిచి చూస్త," అంది. ఓదెలు ఆమె ముఖంలోకి చూసి, కర్ర తీసుకున్నాడు. అతను కుంటుతూ, ఆమె అతని నడకకు తగ్గట్టు ఆగుతూ, ఇద్దరూ ఖాళీ ట్రాక్ మీద వెళ్లడం చూశాను. ఆ తర్వాత నన్ను తీసుకెళ్లి షెడ్డు వెనుక చెత్తలో పడేశారు.

ఇక్కడ అరిగిన టైర్లు, నూనె గుడ్డలు, ఖాళీ కూల్‌డ్రింకు సీసాలు నా పక్కవాళ్లు. వాసన సంగతి చెప్పనక్కర్లేదు. అయినా ఏ తలా లోపలికి రాని చోటు ఇదొక్కటే. మనుషుల మీద నా ఏవగింపు పోయిందని అనను. తన ప్రాణం నిలిచినందుకు నన్ను లక్కీ అన్నవాడు, తాను విరిచిన కాలికి పండ్లు పంపి చేతులు దులుపుకున్నాడు. ఆ కంపు ఏ ఎండకూ ఆరదు.

ఆ మధ్యాహ్నం ఇంజిన్లు మొదలయ్యాయి. నాకు ఏమీ కనిపించడం లేదు, వినిపిస్తోంది అంతే. మూడో మలుపు వైపు ఎవరో విజిల్ వేశారు, రెండు సార్లు. జెండా ఎత్తినట్టు లెక్క. వేగంగా వస్తున్న ఒక కారు మోత ఉన్నట్టుండి తగ్గింది. యాక్సిలరేటర్ మీంచి ఎవరో కాలు తీశారు. దాని వెనుక మరొకటి తగ్గింది. ఆ వెనుక ఇంకొకటి.

టైర్లు కూలే చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉన్నాను. రాలేదు. షెడ్డు అవతల ఎవరో దగ్గారు. కార్లు నిదానంగా ఒకదాని వెనుక ఒకటి సాగిపోయాయి.