అన్నయ్యను చూసి నేర్చుకో

నా తమ్ముడు బ్యూటీపార్లర్‌లో ఆడవాళ్ల జుట్టు ముస్తాబు చేసేవాడు. వాడి నడకా మాటా మెత్తన. వాడు ప్రేమించిన అమ్మాయి మేనమామ మా ఇంటికొచ్చి, "మీవాడు అదో రకమటగా, ఆడవాళ్లంటే పడదట. ఈ సంబంధం మాకొద్దండీ" అనేసి వెళ్లిపోయాడు.

నాన్న వాడి చెంప ఛెళ్లుమనిపించాడు. "మగాడంటే ఏమిటో అన్నయ్యను చూసి నేర్చుకోరా!"

"ఆ పిల్లంటే నాకు ప్రాణం నాన్నా" అని ఏడ్చాడు వాడు. ఎవరూ నమ్మలేదు.

నేను లారీ డ్రైవర్ని. గుబురు మీసం, బండ గొంతు. ఆరేళ్లుగా నేను మనసిచ్చింది మా లారీ మెకానిక్కుకు. అతనూ మగవాడే. ఆ సంగతి తమ్ముడికొక్కడికే తెలుసు. వాడు నావైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

ఆ అమ్మాయికి వేరే పెళ్లయింది. తమ్ముడు పార్లర్ మానేసి గోదాములో మూటలు మోస్తున్నాడు. ఇప్పటికీ నన్ను ఒక్క మాటా అనడు. తిట్టినా బాగుండును.