మెట్ల మీద కూర్చున్న అభిప్రాయాలు

ఈ సినిమాలో హీరోను నేనే. కాబట్టి మాట్నీ మొదలు కాకముందే టాకీసులోంచి బయటికి వచ్చేస్తున్న అభిప్రాయాలు ముందుగా నన్నే పలకరిస్తున్నాయి.

అవి అచ్చం మనుషుల్లాగే ఉన్నాయి, కాకపోతే మోకాలెత్తు. ఎవరి అభిప్రాయం వాళ్ల చొక్కానే వేసుకుంది. ఆ మనుషులు మాత్రం ఇంకా టికెట్ల కిటికీ దగ్గరే ఉన్నారు. పిండి మిషను ఎర్రిస్వామి కిటికీలోకి చెయ్యి పెట్టి టికెట్టు అడుగుతున్నాడు. ఆయన అభిప్రాయం అప్పుడే మెట్ల మీద కూర్చుని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నది.

సినిమా పేరు ‘ఉప్పునీళ్ల దాకా’. తీసినవాడు మా చెల్లెలి మొగుడు తిప్పేస్వామి. ఇరవై ఏండ్లుగా పెండ్లిండ్లకు వీడియోలు తీస్తున్నాడు. సముద్రం ఉప్పగా ఉంటుందంటే నమ్మని ముగ్గురు మొండివాళ్లు, రుచి చూసి తేల్చుకుందామని రాయదుర్గం నుంచి లగేజీ ఆటోలో బయలుదేరుతారు. అదీ కథ. దారి పొడుగునా నవ్వే నవ్వు అని తిప్పేస్వామి అంటాడు.

టాకీసు మేనేజరు గంగాధరప్ప షరతు ఒకటే పెడతాడు.

“మాట్నీలో ఒక్క నవ్వు నా చెవిన పడల్ల. పడితే రేపుగూడా ఆడిస్తా. పడకుంటే ఇంటర్వెల్‌కే దించేస్తా. ఇంక దాన్ని యాడా ఎక్కించుకోరు, ముందే చెప్తాండా. తీసినోడు నవ్వినా, తీసినోని బావ నవ్వినా చెల్లదు.”

తిప్పేస్వామి తల ఊపుతాడు. అతని గుండె చప్పుడు పక్కనున్న నా చొక్కా జేబులోంచి వినబడుతున్నది. చేత్తో మూసినా ఆగడం లేదు.

పబ్లిక్ టాక్ తీసే రమీజా మైకు పట్టుకుని వస్తుంది. మామూలుగా జనం బయటికి వచ్చేదాకా ఆమె ఎండలో నిలబడాలి. ఈరోజు ఆ శ్రమ లేదు. వంగి, అభిప్రాయాల నోటి దగ్గర మైకు పెడుతుంది.

“ఎట్లుందప్పా సినిమా?”

“మొదటి సగం పరవాలేదు,” అంటుంది ఎర్రిస్వామి అభిప్రాయం. “రెండో సగం లేదు.”

“బాగలేదా?”

“బాగుండేదానికి ఉంటే గదమ్మా! లేదంటే లేదు.”

అది నిజమే. గిద్దలూరు దగ్గర ఘాటురోడ్డులో ఆటో ఇరుసు విరిగింది. సినిమా అక్కడికే అయిపోతుంది.

“ఫైటు లేదు, పాట లేదు, ఆటోకు రంగు గూడా లేదు,” అంటుంది ఇంకొకటి.

“కామెడీ అంటిరి. మేము నవ్వాలంటే ముందు మాకు చెప్పల్ల గదా.”

“పెండ్లి వీడియో మాదిరుంది. తాళి కట్టేదొకటే తక్కువ.”

ఈ మాటకు తిప్పేస్వామి రెండు వేళ్ల ఎత్తు తగ్గుతాడు. పంచె అంచు నేలకు తగులుతుంది. దాన్ని పైకి మడుచుకుని, ఆ అభిప్రాయం ముందు గొంతుక్కూర్చుంటాడు.

“లోపలికి రాండప్పా. ఒకసారి చూసి చెప్పండి.”

“చూస్తే మారిపోతాం గదా,” అంటుంది అది, ఎంతో మర్యాదగా. “మారినాంక మేము మేము గాదు. మమ్మల్ని చంపాలని చూస్తాండావా?”

బడిలో మా అయ్యవారు కూడా ఇట్లాగే మాట్లాడేవాడు.

మెట్లు నిండిపోయి దారి లేకుండా పోతున్నదని గంగాధరప్ప సలహాల పుస్తకం తెస్తాడు. ఇన్నేండ్లలో దాంట్లో ఒక్క సలహా పడలేదు. పుస్తకం తెరిచి నేలమీద పెడతాడు. అభిప్రాయాలు ఒక్కొక్కటీ ఎక్కి, గీతకొకటి చొప్పున వెల్లకిలా పడుకుంటాయి. ఎర్రిస్వామిది లావు కాబట్టి దానికి రెండు గీతలు పడతాయి. పుస్తకం మూసి, గంగాధరప్ప దాన్ని హాల్లో నా పక్క కుర్చీలో కూర్చోబెడతాడు.

సినిమా మొదలవుతుంది. జనం కూర్చుని ఉన్నారు. అభిప్రాయాలు ముందే ఇచ్చేశారు కాబట్టి మొహాలు కడిగిన పలకల్లాగా ఉన్నాయి. తెరమీద ముగ్గురూ ఆటోలో మజ్జిగ చెంబు కోసం కొట్లాడుకుంటున్నారు. చెంబు ఎగిరి గొర్రె మీద పడుతుంది. గొర్రె వెనక్కి తిరిగి చూస్తుంది. ఎవరూ నవ్వరు. వెనక గోడ దగ్గర గంగాధరప్ప తన చెవిని విప్పి, తుడిచి, మళ్లీ పెట్టుకుంటాడు.

నా సీను వస్తున్నది. హీరో కనబడగానే కాగితాలు చింపి ఎగరెయ్యడం మా టాకీసు ఆచారం. కాగితాలు ఎగరకపోతే వచ్చింది హీరో అని జనానికి ఎట్లా తెలుస్తుంది? ఎవరూ కాగితం తీయడం లేదు. నేను చీకట్లో పక్క కుర్చీ తడుముతాను. చేతికి పుస్తకం తగులుతుంది. మంచి మందంగా ఉంది. బరబరా చింపి రెండు చేతులా ఎగరేస్తాను.

అన్నట్టు, నేను హీరోనన్నాను గదా, ఆ ముక్క కొంచెం సర్దుకోవాలి. ఆటో నడిపేది నేను, కెమెరా ఉండేది నా వెనక. నా సీన్లన్నిటిలో కనబడేది నా వీపు, నా ఎడమ చెవి. చెవి బాగానే నటించింది.

కాగితం ముక్కలు జనం నెత్తిన పడతాయి. ఎవరిది ఎవరి మీద పడిందో తెలియదు. ఎర్రిస్వామి మీద ఎవరో నర్సమ్మ అభిప్రాయం పడుతుంది. ఆయన ఆడగొంతుతో దగ్గి, అదే తనదని నమ్మేస్తాడు. మిగిలిన ముక్కలు తెర దాటి పోయి ఆటో అద్దానికి అంటుకుంటాయి.

తెరమీది నా వీపు వాటిని కొంచెంసేపు చదువుతుంది. ఆటో ఆపుతుంది. ఇరుసు విరిగే చోటు ఇంకా రాలేదు. అది మెల్లగా ఇటు తిరుగుతుంది. తెరమీద నా మొహం చూడటం నాకిదే మొదలు. అనుకున్నదానికన్నా ముసలిగా ఉంది.

“తిప్పేసామీ,” అంటుంది ఆ మొహం, “మేమీడ దిగుతాండాం.”

తిప్పేస్వామి లేచి తెర దగ్గరికి పోతాడు. “ఏం బావా?”

“మేము యాడికి చేరతామో వీళ్లకు ముందే తెలుసంట. ఇంక పోయేదెందుకు?”

“నాకు తెలీదు బావా,” అంటాడు తిప్పేస్వామి. “సముద్రం నేను గూడా చూడలేదు. ఇరుసు విరిగినప్పుడు కూలబడి ఏడిస్తి. మీరన్నా పోండి.”

అప్పుడు గోడవారగా ఎక్కడో ఒక నవ్వు వినబడుతుంది. ఎక్కిలంత చిన్నది. గంగాధరప్ప చెవి పట్టుకుని, “పడిందప్పా, పడింది! రేపుగూడా ఆడిస్తా,” అంటాడు. తిప్పేస్వామి తన పాత ఎత్తుకు వస్తాడు.

తెర కింది నుంచి నీళ్లు వస్తున్నాయి. ముగ్గురూ పోలేదు కాబట్టి సముద్రమే బయలుదేరింది. పాదాలు మునుగుతాయి, మోకాళ్లు మునుగుతాయి. ఎర్రిస్వామి వేలు ముంచి నాలుకకు రాసుకుంటాడు.

“చప్పగుందప్పా,” అంటాడు నర్సమ్మ గొంతుతో.

“మా బోరు నీళ్లే దీనికన్నా ఉప్పగుంటాయి,” అంటాడు పక్కాయన.

“సముద్రమంటే ఇంతేనా? బడ్జెట్టు లేనట్టుంది.”

జనం పంచెలెత్తుకుని బయటికి పోతారు. బయట రమీజా మైకు పెడుతుంది. వాళ్లకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అయినా చెప్తారు.

ఇంకొక్క మాట ఒప్పుకోవాలి. ఆ నవ్వు నేను కల్పించింది. ఎక్కిలంత నవ్వు కూడా అక్కడ లేదు. గంగాధరప్ప ఇంటర్వెల్‌కే మిషను ఆపేసి, ఆ గదికి తాళం వేసుకుని వెళ్లిపోయాడు. అదొక్కటే అబద్ధం; తక్కినదంతా ఇంకా జరుగుతూనే ఉంది. మిషను ఆపినా సినిమా ఆగలేదు. తెరలోంచి చేపలు వరుసగా వచ్చి కుర్చీల్లో కూర్చుంటున్నాయి, మొదటి బెంచీ నుంచి బాల్కనీ చివరి దాకా. చొక్కాలు లేవు. కన్నార్పడం లేదు. తెరమీద గొర్రె వెనక్కి తిరిగినప్పుడల్లా అన్నీ ఒక్కసారిగా నోళ్లు తెరిచి మూస్తున్నాయి. అది నవ్వో ఊపిరో తేలక తిప్పేస్వామి, గొంతుదాకా నీళ్లలో, వరుస వరుసకూ పోయి ఒక్కొక్క చేప నోటికీ చెవి ఆనిస్తున్నాడు.