రేపయ్య

"మాస్టారూ, చొక్కా ఎప్పుడిస్తారు?" అని బడిపంతులు అడగగానే దర్జీ రేపయ్య కత్తెర పక్కన పెట్టి, చీటీ మీద తేదీ రాసి, గుండుసూదితో గుడ్డకు గుచ్చాడు. పంతులు తేదీ చూసుకుని బుద్ధిగా వెళ్ళిపోయాడు.

ఆ పేరు వీధి పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఎవరడిగినా ఆయన చెప్పింది ఒకటే మాట, రేపు. పెళ్ళికొడుక్కి పెళ్ళినాటి పొద్దున కూడా 'రేపు' అన్న ఘనుడు. నిరుడు నాలుక మీది పుండు కాన్సరని తేలి, ఎడమ సగం కోసేశాక 'ర' పలకడం పోయింది. 'రేపు' అనబోతే 'ఏపు' అని వచ్చేది, జనం తెల్లమొహం వేసేవారు. ఇక చీటీ రాయక తప్పలేదు. రాసిన అబద్ధం రుజువుగా మిగిలిపోతుంది కనుక నిజమే రాయవలసి వచ్చింది. ఆ విధంగా వీధిలో మాట తప్పని దర్జీ ఆయనొక్కడే అయ్యాడు.

కోసిన చోట ముంజేతి కండ తెచ్చి కుట్టారు. అద్దంలో చూసుకుని, అతుకు బాగానే వేశారు, కుట్టు కనబడటం లేదని మెచ్చుకున్నాడు. కానీ అతుకు అతుకే. కదలదు, రుచి ఎరగదు. ముద్దను పళ్ళ కిందికి తోసేది నాలుకేనని అంతవరకు ఆయనకు తెలియనే తెలియదు. ఆసుపత్రిలో రేడియేషన్ కరెంటు పెట్టాక ఉమ్మి కూడా ఎండిపోయి, దారం కొస తడపడానికి మిషను పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకున్నాడు.

వీటికి ఆయన ఏడవలేదు. ఏడిపించింది భార్యే. ఏడాదిగా మధ్యాహ్నం రెండు డబ్బాలు తెస్తోంది. ఆయనది మిక్సీలో వేసి జావ చేసినది. తనది మాత్రం గిరాకీలు బట్టలు తొడిగి చూసుకునే తెర వెనక నిలబడి, నమిలే చప్పుడు వినబడకుండా తింటుంది. ముప్పై ఏళ్ళు ఎదురెదురుగా తిన్న మనిషి దొంగలా తింటోంది. ఆమెను తెర ఇవతలికి తేవాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

ఆ రోజు పదిగంటలకు ఆసుపత్రిలో, నోటికి వ్యాయామం నేర్పే అమ్మాయి రెండు రంగుల చూయింగ్ గమ్ ఇచ్చింది. "బాబాయ్‌గారూ, అరవైసార్లు నమలండి. రంగులు రెండూ కలిసిపోతే మిక్సీకి సెలవు."

కిందటి రెండుసార్లూ చారలు చారలుగానే బయటికి వచ్చింది. ఈసారి ఆయన కుడిపక్కనే నమిలాడు. గమ్ చెంపలోకి జారినప్పుడల్లా బయటినుంచి వేలితో నొక్కి మళ్ళీ పళ్ళ మీదికి నెట్టాడు. అరవై అయ్యాక గమ్‌ను అరచేతిలోకి తీసుకుని, గుడ్డకు దారం సరిచూసినట్టు కిటికీ వెలుగులో పట్టుకున్నాడు.

"కలిసింది!" అంది అమ్మాయి.

"అంచున నీలం ఉంది," అన్నాడాయన ముద్దముద్దగా.

"అంచుల పట్టింపు మీకు గానీ మాకు లేదులెండి. మెత్తనివాటితో మొదలుపెట్టండి."

కొట్టుకు రాగానే ఆయన చేసిన మొదటి పని తెర ఊడదీయడం.

"ఇదేంటయ్యా, తెరేది?" అంది భార్య డబ్బాలతో గుమ్మంలో నిలబడి.

"ఉతకాలి," అన్నాడు. స్టూలు ఎదురుగా జరిపి, ఆమె డబ్బాలోంచి ఉడికిన ఆలుగడ్డ ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు, వేలితో నెట్టాడు, నీళ్ళు తాగి మింగాడు. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. తరవాత తన కీరదోస ముక్క అందుకుని, ఏడాది కసి తీరేలా కరకర నమిలింది. ఆ చప్పుడుకు ఆయన ప్రాణం హాయిగా ఉంది.

"ఇప్పుడు మాట తప్పని మనిషివైపోయావుగా! పెళ్ళైనప్పటినుంచీ అడుగుతున్నా, నా నీలం రవిక గుడ్డ ఎప్పుడు కుడతావు?"

చీటీ కోసం చెయ్యి చాచి ఆగిపోయాడు. మిగిలిన నాలుకను పైకెత్తి, బిగించి, "రేపు" అన్నాడు. 'ర' సగమే పలికింది. సగం చాలింది.

"వచ్చిందయ్యా, నీ అబద్ధం తిరిగొచ్చింది!" అని ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆపైన ఐదేళ్ళు ఆమె రోజూ అడిగేది, ఆయన రోజూ 'రేపు' అనేవాడు, ఇద్దరూ తినేవారు. ఆరో ఏట ఒక మధ్యాహ్నం తృప్తిగా తిని, డబ్బా కడిగిచ్చి, కుర్చీలో కునుకు తీసిన మనిషి మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. పాపం, నాలుక తప్పేమీ లేదు.

నెల తరవాత ఆమె కొట్టు తలుపు తీసింది. మిషను మీద నీలం గుడ్డ ఉంది. ఒక చెయ్యి కుట్టడం అయింది. రెండోదానికి గుండుసూదితో గుచ్చిన చీటీ మీద తేదీ లేదు, 'రేపు' అని మాత్రం ఉంది.